బంకమట్టిపై ఆటకోర్టు

ఫలక్‌నుమా అనగా ఆకాశమును పోలినది అని అర్థము. 1884లో ఆరంభింపబడిన ఆ మహలు హైదరాబాదు పాతబస్తీకి దక్షిణమున ఒక గుట్టపై నిలిచియున్నది. గుట్ట గ్రానైటు రాతిది. ఈ ప్రాంతపు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. గుట్ట దిగి పల్లమునకు వచ్చినచో నేల స్వభావము మారును. చెరువుల అంచులను, పాత వాగుల వెంట నల్లని బంకమట్టి తగులును. పెరటిలో పిల్లలకు షటిల్ కోర్టు వేయదలచిన గృహస్థునకైనను, ఆవరణలో వాలీబాల్ కోర్టు వేయదలచిన పాఠశాలకైనను ఈ భేదము తెలిసియుండవలెను. గుట్టపై చెక్కుచెదరని గచ్చు పల్లములో రెండు వానకాలములు గడచునప్పటికే బీటలు వారవచ్చును. సొమ్ము వృథాయగుటయే గాక, ఎత్తుపల్లములైన కోర్టుపై పరుగెత్తు పిల్లల చీలమండలు బెణుకును.

ఒకే రాయి, రెండు మట్టులు

గ్రానైటులోని ఫెల్స్‌పార్ అను ఖనిజము ఎండకు, వానకు శిథిలమై బంకమట్టిగా మారును. వాలుపై వాననీరు నిలువక పారిపోవును గనుక కాల్షియము, మెగ్నీషియము వంటివి కొట్టుకొనిపోయి, అచ్చట కెయొలినైట్ అను సాధువైన బంకమట్టి, ఎర్రని ఇనుప ఆక్సైడు మిగులును. ఇదియే చెలక నేల. కొట్టుకొనిపోయిన ఖనిజములు పల్లమున చేరి, నీరు కదలక నిలుచుటచే మాంట్‌మోరిల్లొనైట్ అను వేరొక బంకమట్టి ఏర్పడును. ఇదియే రేగడి. ఈ రెండు నేలలును ఒకే ఆవరణలో చూడవలెనన్న పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రమునకు వెళ్ళవచ్చును.

రేగడి ఏల ఉబ్బును?

మాంట్‌మోరిల్లొనైట్ కణము ఒక పుస్తకము వంటిది. దానిలోని ఒక్కొక్క పుట మందము మిల్లీమీటరులో పదిలక్షవ వంతు మాత్రమే. పుటలపై ఋణ విద్యుదావేశము ఉండును. వాటి నడుమ నున్న కాల్షియము, సోడియము అయానులు నీటి అణువులను ఆకర్షించుకొనును. నీరు చొచ్చిన కొలది పుటలు ఎడమగును, మట్టి ఉబ్బును. ఎండకు నీరు పోగా పుటలు దగ్గరై మట్టి ముడుచుకొనును, నేల నెఱ్ఱెలు విచ్చును. కెయొలినైట్ పుటలు ఒకదానితో నొకటి గట్టిగా బంధింపబడి యుండుటచే నీరు వాటి నడుమ చొరజాలదు.

ఈ గుణమును పాఠశాల ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. మట్టిని ఆరబెట్టి, మెత్తగా నలిపి, సన్నని జల్లెడ పట్టి, పదేసి గ్రాముల చొప్పున రెండు కొలజాడీలలో పోయవలెను. ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరోసిన్ నూరు మిల్లీలీటర్ల గీతవరకు నింపి, గాలిబుడగలు పోవునట్లు కలిపి, 24 గంటలు కదపక ఉంచవలెను. కిరోసిన్ అణువులను పుటల నడుమనున్న అయానులు ఆకర్షింపజాలవు గనుక అందులో మట్టి ఉబ్బదు. కిరోసిన్‌లో మట్టి 10 మిల్లీలీటర్లు, నీటిలో 18 మిల్లీలీటర్లు ఆక్రమించినచో ఉబ్బు 80 శాతము. ఇది 50 శాతమునకు మించినచో కోర్టు వేయుటలో ప్రత్యేక శ్రద్ధ వహింపవలెను.

గచ్చు వేసిన పిదప ఏమగును?

రేగడి బలహీనమైనదగుట చేతనే గచ్చు పగులునని పలువురు తలంతురు. షటిల్ కోర్టుపై పడు బరువు స్వల్పమే. అసలు కారణము తేమలోని వ్యత్యాసము. గచ్చు కప్పిన చోట భూమినుండి నీరు ఆవిరి కాజాలదు. అందుచే నడిమి భాగమున తేమ క్రమముగా చేరి నేల ఉబ్బియుండును. అంచులు మాత్రము వానకు తడిసి, వేసవికి ఎండుచుండును. నడుమ ఒక రీతిగను, అంచున వేరొక రీతిగను నేల కదలుటచే గచ్చు విరుగును. కావున మట్టిని తడువకుండ చేయుట కంటె, తేమను అన్నివైపుల ఒకే తీరున నిలుపుట ముఖ్యము. నెఱ్ఱెలు విచ్చిన మే నెలలో గాని, బురదగానున్న ఆగస్టులో గాని పని ఆరంభింపరాదు. వానలు వెనుదీసి నేల ఆరిన పిదప ఆరంభించుట మేలు.

ఇసుక గాదు, మొరము

రేగడిని తవ్వి ఆ గోతిలో ఇసుక నింపుట తరచుగా జరుగు పొరపాటు. ఇసుక సందులగుండ వాననీరు దిగును, అడుగునున్న రేగడి దానిని ఇంకనీయదు. గోయి తొట్టివలె నిండి, రేగడి అడుగునుండి తడియుచుండును. బొంబాయి ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి చేసిన పరిశోధనలు, జిగిగలిగి ఉబ్బని మట్టిపొర రేగడిని అదుపు చేయునని తెలిపినవి. మన ప్రాంతమున అందుకు తగినది మొరము. దానిని 15 సెంటీమీటర్ల పొరలుగా పరచి, నీరు చిలికించి, దిమ్మిసతో గాని రోలరుతో గాని కుదింపవలెను. మొరము క్రిందనున్న రేగడి పై పొరలో సున్నము కలుపుట మరియొక ఉపాయము. సున్నములోని కాల్షియము పుటల నడుమనున్న సోడియమును తొలగించి, ఉబ్బును తగ్గించును.

వాననీటికి దారి

షటిల్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. చుట్టును మీటరు చొప్పున విడిచినచో విస్తీర్ణము సుమారు 125 చదరపు మీటర్లు. దానిపై ఒక సెంటీమీటరు వాన కురిసిన 1,250 లీటర్ల నీరగును! నూరింట ఒక వంతు వాటమిచ్చినచో, అనగా ఎనిమిది మీటర్ల వెడల్పునకు ఎనిమిది సెంటీమీటర్లు, నీరు ఒక ప్రక్కకు పారును. ఆ నీటిని కోర్టు అంచున ఇంకనీయక, కాలువ ద్వారా దూరమున నున్న సంపునకు చేర్చవలెను. వీధిలోనికి వదలుట పొరుగువారికి కీడు చేయుటయే. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి ఫలక్‌నుమా పరిసరములలోని పల్లపు కాలనీలు నీట మునిగినవి. కోర్టు ప్రక్కన పూలపాదులు, కుళాయిలు ఉండరాదు. పెద్ద చెట్టు ఉన్నచో దాని ఎత్తునకు తగ్గని దూరమున కోర్టు వేయుట క్షేమము. వేళ్ళు ఒక ప్రక్క తేమను పీల్చివేయును.

వ్యయము భరింపలేనివారు గచ్చు లేకయే మొరము కోర్టుతో తృప్తి పడవచ్చును. అది కొంత కదలినను విరుగదు. ఏటేట వానలు వెలిసిన పిదప పల్లములు పూడ్చి, తడిపి, రోలరు నడిపినచో మరల ఆటకు సిద్ధమగును. నేల గుణము నెరిగి దానికి తగినట్లు పని చేయువానికి రేగడియు లొంగియుండును. రెండు కొలజాడీలు, పిడికెడు మట్టి, ఒక దినము ఓపిక ఆ గుణము నెరుగుటకు చాలును.