ముదురు రంగు వెనక వెలుతురు లెక్క

శాంటా క్లారా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో కూచిపూడి నేర్చుకుంటున్న పిల్లలు చాలామందే ఉన్నారు. రంగప్రవేశం తేదీ ఖాయం కాగానే తల్లిదండ్రులకు హాలు, నగలు, మేకప్ అని మూడు వెతుకులాటలు మొదలవుతాయి. మొదటి రెండూ ఎలాగో కుదురుతాయి. మూడోదే తికమక పెడుతుంది. స్టీవెన్స్ క్రీక్ బొలవార్డ్ మీది వ్యాలీ ఫెయిర్ మాల్‌కి వెళితే గోడ నిండా ఎరుపులే. వాటిలో రోజూ ఆఫీసుకు పనికొచ్చే రంగు ఏదో కౌంటర్ దగ్గర ఇట్టే చెప్పగలరు. చామనఛాయ ముఖం మీద, వేదిక దీపాల కింద, చివరి వరుస దాకా కనిపించే రంగు ఏదంటే మాత్రం ఎవరైనా కాస్త ఆలోచించాల్సిందే.

దీన్ని ఊహకు వదిలెయ్యాల్సిన పని లేదు. ఆ రంగును ఎంత దూరం నుంచి, ఏ దీపం కింద చూస్తారు? ఏ చర్మం మీద వేస్తారు? అసలు అది దేనితో తయారైంది? ఈ ప్రశ్నలకు భౌతిక, రసాయన శాస్త్రాల్లో స్పష్టమైన జవాబులున్నాయి. ఆఖరి ప్రశ్నకు జవాబు పిల్లల ఆరోగ్యానికి సంబంధించింది కాబట్టి అది ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

చివరి వరుస నుంచి చూస్తే

మామూలు చూపు ఉన్న మనిషి కన్ను దాదాపు డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు వివరాలను విడదీయగలదు. అద్దానికి అర మీటరు దూరంలో కూర్చుంటే ఇది 0.15 మిల్లీమీటర్లు. అందుకే ఇంట్లో తీర్చిన సన్నని కాటుక గీత, దాని పక్కనే రెప్ప వెంట్రుక విడివిడిగా కనిపిస్తాయి. అదే ముఖాన్ని 20 మీటర్ల దూరం నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. అక్కడి నుంచి 6 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు గీతలు కలిసి ఒకటిగా కనిపిస్తాయి. రెప్ప వెంట్రుకలు, కాటుక, కనురెప్ప మీది నీడ అన్నీ ఒకే మసక మచ్చలో కలిసిపోతాయి.

కూచిపూడిలో కంటి గీతను లావుగా దిద్ది కణత వైపు సాగదీయడానికి కారణం ఇదే. భామాకలాపంలో సత్యభామ అలిగినా మురిసినా ముందు కళ్ళే చెప్పాలి. ఆ కదలిక చివరి వరుసకు చేరాలంటే కంటి తెలుపుకూ దాని చుట్టూ ఉన్న నలుపుకూ మధ్య తేడా బాగా పెద్దదై ఉండాలి.

దూరానికి దీపాలు తోడవుతాయి. ఎదురుగా పడే బలమైన వెలుతురు ముక్కు పక్కన, బుగ్గల కింద సహజంగా ఉండే నీడలను చెరిపేస్తుంది. ముఖం చదునుగా కనిపిస్తుంది. రంగు దీపాలు వేస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఎర్రని వర్ణకం ఎరుపు కాంతిని తిరిగి పంపి, నీలం, ఆకుపచ్చ కాంతులను మింగేస్తుంది. నీలం దీపం మాత్రమే వెలిగితే తిరిగి పంపడానికి దానికి ఎరుపు దొరకదు. అందుకని పెదవులు నల్లబడతాయి. ఎర్రదీపం కింద పెదవి, చర్మం రెండూ ఎరుపునే తిప్పి పంపడంతో నోటి అంచు కనిపించకుండా పోతుంది.

కాబట్టి మాల్ దీపాల కింద చూసి తీర్పు చెప్పకూడదు. రంగును ముంజేతి లోపలి వైపు రాసుకుని పగటి వెలుతురులోకి వచ్చి చూడాలి. ఆ తరువాత మిషన్ సిటీ సెంటర్ ఫర్ పర్ఫార్మింగ్ ఆర్ట్స్ లాంటి వేదిక మీద రిహార్సల్ జరిగే రోజున పూర్తి మేకప్ వేసి, ప్రదర్శనలో వాడబోయే దీపాలన్నీ ఒక్కొక్కటిగా వేయించి, చివరి వరుసలో కూర్చుని చూడాలి.

చామనఛాయ మీద బూడిద ఎందుకు?

ట్యూబులో మెరిసిపోయే గులాబీ రంగు మన చర్మం మీద బూడిద పూసినట్టు కనిపించడం చాలామందికి అనుభవమే. తప్పు చర్మానిది కాదు. లేత రంగు తయారు చేయాలంటే అందులో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని వర్ణకం ఎక్కువగా కలుపుతారు. కాంతిని చెదరగొట్టడంలో దానికి సాటి వచ్చే తెలుపు అరుదు. నూనెలు, మైనాల వక్రీభవన గుణకం 1.45 దగ్గర ఉంటే దీనిది 2.5కు పైనే. ఇక చర్మంలోని మెలనిన్ నీలం వైపు కాంతిని ఎక్కువగా, ఎరుపు వైపు కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది. చామనఛాయలో కనిపించే వెచ్చదనం దాని వల్లే. ముదురు నేపథ్యం మీద పలచని తెల్ల పొర పరిస్తే అది నీలం కాంతిని కాస్త ఎక్కువగా చెదరగొట్టి, ఆ వెచ్చదనాన్ని కప్పేస్తుంది. చిక్కటి డికాషన్‌లో పాలు పడ్డట్టు ముఖం తేలిపోతుంది.

అందుకే మన ఛాయకు తెలుపు తక్కువ, వర్ణకం ఎక్కువ ఉన్న చిక్కని రంగులు నప్పుతాయి. కుంకుమ ఎరుపు, ఇటుక రంగు, వంగపండు రంగు చామనఛాయ మీద నిండుగా నిలుస్తాయి. వీటి గురించి "డార్క్ స్కిన్ వాళ్ళకు ఎక్కువైపోతుంది" అనే మాట మన ఇళ్ళలోనూ వినిపిస్తుంది. శాస్త్రం చెప్పేది దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇదే సూత్రానికి చక్కని ఉదాహరణ దీపికా ముత్యాల. టెక్సస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో పెరిగిన ఆమె 2015లో ఒక వీడియోలో కళ్ళ కింది నల్లటి వలయాల మీద ఎర్ర లిప్‌స్టిక్ రాసి, దానిపైన మామూలు మేకప్ వేసి చూపించారు. లక్షలమంది దాన్ని చూశారు. కంటి కింది చర్మం పలచన. లోపలి రక్తనాళాలు, అక్కడ పేరుకున్న మెలనిన్ కలిసి ఆ చోటు నీలి బూడిద రంగులో కనిపిస్తుంది. అంటే అక్కడి నుంచి ఎరుపు కాంతి తక్కువగా వస్తోందన్నమాట. ఎర్రని పొర నీలాన్ని మింగి ఎరుపును పంపి ఆ లోటును పూడుస్తుంది. ముత్యాల ఆ తరువాత లైవ్ టింటెడ్ అనే సంస్థను స్థాపించారు. 2017 సెప్టెంబరులో ఫెంటీ బ్యూటీ అనే మేకప్ బ్రాండ్ ఒకేసారి 40 ఛాయల ఫౌండేషన్‌తో రావడంతో, ముదురు ఛాయల వాళ్ళు తమకు నప్పేది ఏదో ఒక మూల వెతుక్కునే అవస్థ చాలా తగ్గింది.

గూడూరు అభ్రకం, శాంటా క్లారా సిలికాన్

కనురెప్పల మీది తళుకు చాలావరకు అభ్రకానిదే. గూడూరు ప్రాంతపు నెల్లూరు అభ్రకం తెలుగువాళ్ళకు తెలిసినదే. పొరలు పొరలుగా విడిపోయే ఈ ఖనిజాన్ని పొడి చేసి, ఒక్కో రేకు మీద టైటానియం డయాక్సైడ్ పూత వేస్తారు. ఆ పూత మందం నానోమీటర్లలో, అంటే మీటరులో వందకోట్లవ వంతుల్లో ఉంటుంది. పూత పైతలం నుంచి వెనక్కి వచ్చే కాంతి, కింది తలం నుంచి వచ్చే కాంతి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని రద్దయిపోతాయి. పూత సుమారు 50 నానోమీటర్లుంటే వెండి మెరుపు వస్తుంది. మందం పెరిగేకొద్దీ బంగారం, ఎరుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా వస్తాయి. పదార్థం మారదు, మందం ఒక్కటే మారుతుంది.

శాంటా క్లారాలో చిప్ పరిశ్రమలో పనిచేసే తెలుగు ఇంజనీర్లకు ఇది కొత్త సంగతి కాదు. ఇంటెల్, అప్లైడ్ మెటీరియల్స్ సంస్థల ప్రధాన కార్యాలయాలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి. సిలికాన్ పలక మీద పెంచిన సిలికాన్ డయాక్సైడ్ పొర 100 నానోమీటర్లుంటే ఎర్రని ఊదాగా, 150 అయితే లేత నీలంగా, 200 అయితే లేత బంగారు రంగులో కనిపిస్తుంది. పొర మందాన్ని కంటితో అంచనా కట్టడానికి ఈ రంగుల పట్టికను ఇంజనీర్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. అమ్మ చిప్ మీద చూసే రంగు, కూతురు కనురెప్ప మీద వేసుకునే రంగు రెండింటి వెనకా ఉన్నది ఒకే సూత్రం.

అయితే ఆ అభ్రకం ఎక్కడిదన్నది కూడా ముఖ్యమే. ఝార్ఖండ్, బీహార్ గనుల్లో చిన్నపిల్లలు అభ్రకం ఏరుతున్నారన్నది ఎన్నో ఏళ్ళుగా బయటపడుతున్న నిజం. పెట్టె మీద సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని ఉంటే అది ప్రయోగశాలలో తయారైన అభ్రకం. మన పిల్లల ముఖం మీది మెరుపు మరొకరి పిల్లల చేతులతో రాకూడదనుకునేవాళ్ళు ఆ పేరు గుర్తుపెట్టుకోవచ్చు.

పెట్టె తిప్పి చదవండి

అమెరికాలో మేకప్‌లో వాడే రంగులకు ఎఫ్‌డీఏ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి కూడా ముఖంలో ఏ భాగానికన్నది చూసి ఇస్తారు. పెట్టె వెనక పదార్థాల జాబితా చివరన ప్లస్-మైనస్ గుర్తు తరువాత రంగుల పేర్లు, సీఐ (కలర్ ఇండెక్స్) సంఖ్యలు ఉంటాయి. 77491, 77492, 77499 అంటే ఇనుప ఆక్సైడ్ల ఎరుపు, పసుపు, నలుపు. ఇవి కళ్ళకూ పెదవులకూ పనికొస్తాయి. రెడ్ 7 లేక్ పెదవులకు సరే గానీ కంటి చుట్టూ వాడటానికి దానికి అనుమతి లేదు. 77007 అనే అల్ట్రామెరీన్ నీలం కళ్ళ మీద వాడొచ్చు, పెదవుల మీద కూడదు. కొన్ని ముదురు రంగుల పలకల మీద "కంటి భాగానికి కాదు" అని చిన్న అక్షరాల్లో రాసి ఉండేది ఇందుకే. లిప్‌స్టిక్‌ను కళ్ళ కింద రాసే చిట్కా విషయంలోనూ ఇది గుర్తుండాలి. కంటికి, పెదవికి రెండింటికీ అని రాసి ఉన్నదే కొనడం మేలు. 75470 కార్మైన్, అంటే కీటకాల నుంచి తీసిన ఎరుపు. శాకాహారులు చూసుకోవాల్సిన సంఖ్య ఇది.

మన సంప్రదాయ వస్తువుల దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. వెనకటి వీధినాటకాల్లో ముఖానికి పసుపు ఛాయ కోసం అర్దళం పూసుకునేవారు. అది ఆర్సెనిక్ సల్ఫైడ్. సుర్మాలో వాడే గెలీనా సీసపు సల్ఫైడ్. కొన్ని సుర్మాల్లో సగానికి పైగా బరువు సీసపు సల్ఫైడ్‌దేనని ఎఫ్‌డీఏ చెబుతోంది. అందుకే ఆ రకం కాటుకకు ఇక్కడ అనుమతి లేదు. ఇనుప ఆక్సైడ్ లేదా శుద్ధి చేసిన కార్బన్ నలుపుతో తయారై, కాజల్ పేరుతో అమ్మే పెన్సిళ్ళు వేరు. పేరు చూడకుండా సంఖ్య చూడాలి. పసుపుకు సున్నం చేర్చితే క్షారం వల్ల అందులోని కర్క్యుమిన్ అనే వర్ణకం ఎర్రబడి కుంకుమ అవుతుంది. అయితే కొన్ని సిందూరాల్లో ఆ ఎరుపు సీసం నుంచి వస్తుంది. 2017లో రట్గర్స్ పరిశోధకులు న్యూజెర్సీలో, భారతదేశంలో కొన్న 118 సిందూరం నమూనాలు పరీక్షిస్తే, అమెరికాలో కొన్నవాటిలో 83 శాతం నమూనాల్లో, భారత్‌లో కొన్నవాటిలో 78 శాతం నమూనాల్లో సీసం ఉన్నట్టు తేలింది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని శాశ్వతం. శరీరంలో ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనే హద్దు దానికి లేదు.

కాలిఫోర్నియా ఈ విషయంలో ముందుంది. 2020లో ఆమోదం పొంది 2025 జనవరి 1 నుంచి అమలైన చట్టం పాదరసం, ఫార్మాల్డిహైడ్‌తో సహా 24 పదార్థాలను సౌందర్య సాధనాల్లో ఉద్దేశపూర్వకంగా కలపడాన్ని నిషేధించింది. అయితే ఊరి నుంచి సూట్‌కేసులో వచ్చే పొట్లాన్ని ఏ చట్టమూ తెరిచి చూడదు. అది చూడాల్సింది మనమే.

నాట్యం నేర్పే గురువులు ఒక పని చేస్తే చాలా ఇళ్ళకు మేలు. బృందం మొత్తానికి మేకప్ కొనేటప్పుడు పదార్థాల జాబితా లేని కాటుకను, సిందూరాన్ని, పారాణిని పక్కన పెట్టేయండి. కొత్త వస్తువు ఏదైనా ప్రదర్శనకు కొన్ని రోజుల ముందే మోచేతి లోపలి వైపు రాసి, దురదగానీ దద్దురుగానీ వస్తుందేమో చూడండి. కనుపాపలతో కథ చెప్పడం నేర్పే కళ ఇది. ఆ కళ్ళకు పెట్టేది ఏమిటో పెట్టే ముందే అడిగి తెలుసుకోవడం నాట్యశిక్షణలో మొదటి పాఠాలతో పాటే మొదలు కావాలి.