లినక్సు కంప్యూటరునకు ఇంటి బ్రాడ్‌బ్యాండు

“లినక్సుపై మా లైను పనిచేయదు, విండోసు కొనుడు” అని లైను వేయవచ్చినవారు చెప్పినచో తొందరపడి సొమ్ము వ్యయపఱచకుడు. 1991లో లైనసు టోర్వాల్డ్సు ఆరంభించిన లినక్సు ఉచితముగ లభించును; అది బ్రాడ్‌బ్యాండునకు చక్కగ పనికివచ్చును.

ఫైబరు తీగ వచ్చి చేరునది రౌటరు పెట్టెకు, కంప్యూటరునకు కాదు. తూము సరిగానున్నచో మడి యెవరిదైనను నీరు పాఱును గదా! కంపెనీవా రిచ్చిన యూజరు పేరును, పాస్‌వర్డును సామాన్యముగ ఆ పెట్టెలోనే నమోదు చేయుదురు. పిమ్మట ఈథర్నెట్ తీగతో కంప్యూటరును పెట్టెకు కలిపినచో, కావలసిన అడ్రసును అది తానే గ్రహించును. వైఫై యైనచో తెరపై పేరు నెంచుకొని వైఫై పాస్‌వర్డు నిచ్చిన చాలును. వైఫై కనబడనిచో మొదట తీగతో కలిపి, దానికి తగిన డ్రైవరును దించుకొనవలెను.

పెట్టెను “బ్రిడ్జి” పద్ధతిలో నుంచినప్పుడు మాత్రము కంప్యూటరులోని నెట్‌వర్కు సెట్టింగులయందు పి.పి.పి.ఓ.ఇ. కనెక్షను చేర్చి, కంపెనీ యిచ్చిన వివరములను అక్కడ వ్రాయవలెను.

లైను ఆగినచో ముందుగ పెట్టెపై దీపములను చూడుడు. “ఎల్.ఓ.ఎస్.” దీపము ఎఱ్ఱగ నున్నచో ఫైబరు వెలుగు పెట్టెకు చేరుటలేదు, దోషము లినక్సుది కాదు. వెంటనే కంపెనీకి ఫిర్యాదు చేయుడు. యూజరు పేరు, పాస్‌వర్డు గల కాగితమును పట్టాదారు పాసుపుస్తకముతోపాటు భద్రపఱచుకొనుడు.