ఆన్‌లైన్ పాటకు ప్రతిఫలం: శ్రోత చెల్లించిన చందా కళాకారుడికి చేరే దారి

చేతిలోని ఫోన్‌లో పాట మోగడానికి క్షణం చాలు. ఆ పాట తాలూకు ప్రతిఫలం గేయ రచయితకు, స్వరకర్తకు, గాయకులకు, వాద్యకారులకు చేరడానికి నెలలు పడుతుంది. కొన్ని సందర్భాల్లో అసలు చేరదు. ఇందుకు చట్టంలోని లోపాలు మాత్రమే కారణం కాదు. లెక్క కట్టే పద్ధతి, పేర్లు నమోదు చేసే తీరు, చివరకు ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ కూడా కళాకారుల ఆదాయాన్ని నిర్ణయిస్తున్నాయి.

ఒక పాట, పలు హక్కులు

వినేవారికి పాట ఒక్కటే. చట్టం దృష్టిలో మాత్రం అందులో సాహిత్యం, సంగీత రచన, ధ్వనిముద్రణ వేర్వేరు కృతులు. వీటికి తోడు పాడిన, వాయించిన వారికి ప్రదర్శకుల హక్కు ఉంటుంది. త్యాగరాజ కీర్తనను ఉదాహరణగా తీసుకోవచ్చు. వాగ్గేయకారుడు 1847లో పరమపదించారు కనుక ఆ రచనపై నేడు ఎవరికీ కాపీరైట్ లేదు. అదే కీర్తనను ఇటీవల ఒక విద్వాంసుడు పాడి రికార్డు చేస్తే ఆ ధ్వనిముద్రణకు 60 ఏళ్లు, ఆయన గానానికి 50 ఏళ్లు రక్షణ ఉంటుంది. కీర్తన అందరిదే అయినా, ఆ రికార్డింగును అనుమతి లేకుండా వాణిజ్యపరంగా వాడుకోరాదు.

చట్టం నడిచిన దారి

దేశంలో కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. చలనచిత్ర గీతాల విషయంలో 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నిర్మాతలకు అనుకూలించింది. ప్రతిఫలం చెల్లించి పాట రాయించుకున్నా, బాణీ కట్టించుకున్నా, వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కుదారు నిర్మాతేనని న్యాయస్థానం తేల్చింది. గాయకులకు చట్టంలో చోటు లేకపోవడాన్ని ఆ తీర్పులోనే జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఎత్తిచూపారు. ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో గానీ రాలేదు.

2012 సవరణ పరిస్థితిని మార్చింది. సినిమా హాలులో చిత్రంతో పాటు ప్రదర్శించడం మినహా, ఇతర వినియోగాలపై వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా దక్కాలని ఆ చట్టం నిర్దేశించింది. ఈ వాటాను వారు వదులుకుంటున్నట్లు రాసిచ్చినా చెల్లదు. వారసులకు గానీ, కాపీరైట్ సంఘానికి గానీ మాత్రమే దానిని అప్పగించవచ్చు. ఒప్పందంలో గడువు పేర్కొనకపోతే హక్కుల బదిలీ ఐదేళ్లకే పరిమితమవుతుంది. రాజ్యసభ సభ్యుడిగా ఉన్న గేయ రచయిత జావేద్ అఖ్తర్ ఈ సవరణ కోసం గట్టిగా వాదించారు.

రచయితలు, స్వరకర్తల తరఫున 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్ రాయల్టీ వసూలు చేసి పంచుతుంది. ఇంటర్నెట్ సంగీత సేవలకు రేడియో, టీవీలకు వర్తించే చట్టబద్ధ లైసెన్సు వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు తీర్పునిచ్చింది. 2022లో డివిజన్ బెంచ్ దానిని సమర్థించింది. అంటే ఈ సేవలు హక్కుదారులతో బేరమాడి ఒప్పందం చేసుకోవలసిందే.

వాటా లెక్క ఇలా

అధిక సంగీత సేవల్లో చందాలు, ప్రకటనల ఆదాయం ఒకే రాశిగా పోగవుతుంది. సంస్థ తన వాటా తీసుకున్నాక మిగిలినది మొత్తం శ్రవణాల నిష్పత్తిలో పంచుతారు. ఒక నెలలో పంచవలసింది 10 లక్షల రూపాయలు, శ్రవణాలు కోటి అనుకుందాం. అప్పుడు ఒక్కో శ్రవణానికి 10 పైసలు. నూరు రూపాయల చందా కట్టిన ఒక శ్రోత నెలంతా ఒకే వైణికుని రికార్డింగులను 50 సార్లు విన్నా, ఆమె శ్రవణాల వల్ల అటు వెళ్లేది 5 రూపాయలే. మిగిలినది ఆమె ఎన్నడూ వినని పాటలకు చేరుతుంది. ఆ 5 రూపాయల్లోనూ రికార్డు సంస్థ, రచన హక్కుదారులు పోగా మిగిలినదే కళాకారునిది.

దీనికి ప్రత్యామ్నాయంగా ఎవరి చందా వారు విన్నవారికే చేరాలన్న పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో ప్రారంభించింది. మరోవైపు స్పాటిఫై 2024 నుంచి, గడచిన 12 నెలల్లో వెయ్యి శ్రవణాలైనా లేని పాటలకు రికార్డింగ్ రాయల్టీ చెల్లించడం లేదు. చిన్న కళాకారులకు, ప్రాంతీయ, శాస్త్రీయ సంగీతానికి ఈ నిబంధనల ప్రభావం ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ ఎంపికలో మెలకువ

సొంతంగా పాటలు విడుదల చేసేవారు, చిన్న రికార్డు సంస్థలు పంపిణీ సేవను ఎంచుకునేటప్పుడు తొలుత రుసుమునే చూస్తారు. ఏటా స్థిర మొత్తం తీసుకునే సేవలు ఉన్నాయి, ఆదాయంలో శాతం తీసుకునేవీ ఉన్నాయి. శ్రవణాలు తక్కువగా ఉన్నవారికి స్థిర రుసుము భారమవుతుంది, ఎక్కువగా ఉన్నవారికి శాతం ఖరీదవుతుంది. రుసుము కంటే ముఖ్యమైన ప్రశ్నలు మూడు. చందా ఆగితే పాటలు సేవల నుంచి తొలగిపోతాయా? ఆదాయ నివేదికలను ఇతర లెక్కల సాఫ్ట్‌వేర్‌లో తెరవగలిగే రూపంలో పొందవచ్చా? సేవ మారితే పాత గుర్తింపు సంఖ్య కొనసాగుతుందా?

ప్రతి ధ్వనిముద్రణకు ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాంకెల సంకేతం ఉంటుంది. సాహిత్య, సంగీత రచనకు ఐఎస్‌డబ్ల్యూసీ అనే మరో సంకేతం. ఇవి సరిపోలకపోయినా, రచయిత పేరు నమోదు కాకపోయినా సొమ్ము ఎవరిదో తేలక నిలిచిపోతుంది. తెలుగు పేర్లను రోమన్ లిపిలో ఒక్కొక్కరు ఒక్కో రీతిగా రాయడం, ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక రావడం ఇక్కడ చిక్కు తెస్తుంది. అన్నిచోట్లా ఒకే రూపంలో పేరు నమోదు చేయడం తేలికైన పరిష్కారం.

పంపిణీ సేవలో చేరితే అంతా పూర్తయినట్లు కాదు. దాని ద్వారా వచ్చేది ధ్వనిముద్రణ వాటా. రచన, బాణీ తాలూకు రాయల్టీకి కాపీరైట్ సంఘంలో సభ్యత్వం, కృతుల నమోదు వేరుగా అవసరం.

దుకాణాలు, వారసులు గమనించవలసినవి

వ్యక్తిగత చందా ఇంట్లో వినడానికే. హోటలులో, దుకాణంలో వినియోగదారులకు వినిపించాలంటే బహిరంగ ప్రదర్శన లైసెన్సు కావాలి. మతపరమైన వేడుకలకు, పెళ్లి ఊరేగింపు, వివాహ సంబంధ సామాజిక ఉత్సవాలకు చట్టం మినహాయింపు ఇచ్చింది.

సాహిత్య, సంగీత రచనలపై కాపీరైట్ రచయిత మరణానంతరం 60 ఏళ్లు కొనసాగుతుంది. కన్నుమూసిన గేయ రచయిత పాట నేటికీ ఫోన్లలో మోగుతుంటే, అందులో ఆయన కుటుంబానికి వాటా ఉండే అవకాశం ఉంది. పాత ఒప్పంద పత్రాలను భద్రపరచి, పాటల జాబితా సిద్ధం చేసుకుని, కాపీరైట్ సంఘంలో వారసులుగా నమోదు చేసుకోవడమే అందుకు తొలి మెట్టు.