దెయ్యం కాదమ్మా, జబ్బు!

మోండా మార్కెట్లో కూరల బేరం ముదిరితే చాలు, "అబ్బో, చంద్రముఖిలా చూస్తోందే!" అనే మాట నా చెవిన పడుతుంది. 1993 నాటి మలయాళ 'మణిచిత్రతాళు' కథే కన్నడంలో సౌందర్యతో 'ఆప్తమిత్ర' (2004), తమిళంలో జ్యోతికతో 'చంద్రముఖి' (2005) అయింది. మన 'నాగవల్లి' (2010), కంగనా 'చంద్రముఖి 2' (2023) దానికి కొనసాగింపులే. వాటిలో రాజు, నర్తకి పగ మిగిలాయి గానీ గంగ కనిపించదు. అసలు గంగకు పట్టింది దెయ్యమా? కాదు, మనోవ్యాధి. నయం చేసింది మానసిక వైద్యుడు. భర్త ఆమె చెయ్యి వదల్లేదు. మనమేమో ఇంట్లో పిల్ల నిద్రపోక తనలో తాను మాట్లాడుకుంటుంటే ముందు తాయెత్తు వెతుకుతాం. సినిమా చూసి భయపడితే పడదాం. ఇంట్లో గంగ ఉంటే మాత్రం డాక్టరుకు చూపిద్దాం. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ వాళ్లు ఉచితంగా సలహా చెబుతారు.