"అమ్మా, బయటికి పోదాం!"

భిలాయి ఉక్కునగరంలో పెరిగే పిల్లలకు పెద్ద చప్పుళ్ళు కొత్త కావు. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటినుంచి ఆ కర్మాగారానికి రాత్రి, పగలు అనే భేదం లేదు. దల్లీ-రాజహరా గనులనుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సుబండ్లు వస్తూనే ఉంటాయి. తండ్రి నైట్ షిఫ్టుకు బయలుదేరినా పసివాడు హాయిగా నిద్రపోతాడు.

ఆ పసివాడే సినిమాహాలులో దీపాలు ఆరగానే తల్లి మెడకు చుట్టుకుపోతాడు. తెరమీద పులి నోరు తెరిచేసరికి, "అమ్మా, బయటికి పోదాం!" అని గోల పెడతాడు. ముందువరుస వారు వెనుదిరిగి చూస్తారు. తండ్రికి వారానికి ఒక్కటే సెలవు. టిక్కెట్ల డబ్బు పోయిందన్న బాధ ఒకవైపు, నలుగురిలో చిన్నతనం మరొకవైపు. "మొగపిల్లాడివి, ఏడుస్తావేంరా?" అని కసురుతాడు. ఆ తరువాత సినిమా అన్న మాట వినబడితే చాలు, పిల్లవాడు మంచం కిందికి దూరతాడు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాలనుంచి వెళ్ళి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. అటువంటిచోట ఒక తెలుగు సినిమా ఆడిందంటే ఇంటిల్లిపాదికీ పండుగే. ఆ పండుగకు పిల్లవాడినీ, వాడికి కాపలాగా మామ్మనీ ఇంట్లో వదిలి వెళ్ళవలసి రావడం ఎవరికీ రుచించదు.

ఇంతకూ ఆ భయం అర్థంలేనిదా? కాదు. అలవాటైన చప్పుడు దూరంగా వినిపిస్తుంది. అది ఎక్కడిదో పిల్లవాడికి తెలుసు. హాలులో చప్పుడు నలువైపులనుంచీ మీదపడుతుంది. మనిషి ముఖం ఇంటి గోడంత అవుతుంది. అన్నిటినీ మించి, అక్కడినుంచి లేచిపోయే స్వేచ్ఛ వాడికి లేదు. భిలాయిలోని మైత్రీబాగ్ జంతుప్రదర్శనశాలలో తెల్లపులిని చూసి కేరింతలు కొట్టిన పిల్లవాడే తెరమీది పులికి ఎందుకు బెదురుతాడు? మైత్రీబాగ్‌లో పులికీ తనకూ నడుమ కంచె ఉంది, నాన్న వేలు చేతిలో ఉంది, ఇష్టం లేకపోతే నెమళ్ళ దగ్గరికి పోవచ్చు.

పిల్లల భయాలను దీర్ఘకాలం పరిశోధించిన అమెరికన్ ఆచార్యురాలు జోన్ కాంటర్ మరొక సంగతి గమనించారు. బడి ఈడు రాని పిల్లలను భయపెట్టేది కథ కాదు, రూపం. పాత్ర ఎంత మంచిదైనా దాని ముఖం వికృతంగా ఉంటే చాలు. అందుచేత "అదంతా ఉత్తిదేరా" అన్న మాట పదేళ్ళవాడికి ధైర్యమిస్తుంది కాని నాలుగేళ్ళవాడి చెవికి ఎక్కదు. పెద్దలు చేసే పొరపాటు సాధారణంగా ఇక్కడే.

మరి ఏమి చేయాలి? దాదాపు నూరేళ్ళ కిందటే ఒక దారి కనిపించింది. మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1924లో పీటర్ అనే పసివాడి వృత్తాంతం ప్రచురించారు. మూడేళ్ళు నిండని ఆ పిల్లవాడికి కుందేలంటే హడలు. భయంలేని పిల్లలు కుందేలుతో ఆడుతుండగా వాడిని చూడనిచ్చారు. ఇష్టమైన తిండి తింటున్నప్పుడు కుందేలు బోనును దూరంగా ఉంచి, వాడు తినడం మానకుండా ఉన్నంతవరకే దగ్గరకు జరిపారు. నడుమ వాడు జ్వరంతో రెండు నెలలు ఆస్పత్రి పాలయ్యాడు. తిరిగివస్తుండగా ఒక పెద్ద కుక్క మీదికి దూకింది. పోయిన భయం మళ్ళీ వచ్చింది. ఓపికతో మళ్ళీ మొదలుపెట్టారు. చివరకు పీటర్ కుందేలును నిమిరాడు.

సినిమా విషయంలోనూ బోనును అలాగే అంగుళం అంగుళంగా జరపాలి. ఇంట్లో ఒక దుప్పటి కట్టి, దీపమార్పి, టార్చిలైటు పిల్లవాడి చేతికే ఇవ్వండి. చేతివేళ్ళతో కుక్కనూ, లేడినీ ఆడించండి. మన తోలుబొమ్మలాటలో ఉన్న కిటుకు ఇదే. టార్చి వెలిగించేదీ ఆర్పేదీ తానే కనుక చీకటి వాడి ఆజ్ఞకు లోబడుతుంది. దీపం దగ్గరికి జరిపితే నీడ రాక్షసుడంత అవుతుందని వాడే కనిపెడతాడు. ఆ ఒక్క సంగతి వందసార్లు చెప్పిన ధైర్యవచనాలకన్న మేలు చేస్తుంది.

తరువాత టెలివిజన్‌లో, చప్పుడు తగ్గించి, ఒక పాత సినిమా. 1957లో వచ్చిన 'మాయాబజార్' ఇందుకు బాగా పనికివస్తుంది. ఎస్.వి.రంగారావు ఘటోత్కచుడు ఆకారానికి భయంకరుడే. కాని లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లో పడుతుంటే ఏ పిల్లవాడు నవ్వడు? అదంతా మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన గారడీ అని చెప్పి, ఆ ఘట్టాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూపించవచ్చు.

ఇక హాలు. పగటి ఆట మంచిది. దీపాలు వెలుగుతుండగానే వెళ్ళి, తెరనూ తలుపులనూ చూపించి, వెనకవైపు తలుపు పక్క సీట్లలో కూర్చోవాలి. ప్రకటనలు, రాబోయే చిత్రాల తునకలు ఒక్కోసారి అసలు సినిమాకన్న భీకరంగా ఉంటాయి. ఆ కాసేపు వాడితో తలుపు దగ్గర నిలబడినా తప్పులేదు. చెవులకు కాస్త దూది పెట్టవచ్చు. సర్టిఫికెట్టు చూడడం మరవకూడదు. 2024 నుంచి యు/ఎ చిత్రాలను 7, 13, 16 ఏళ్ళు పైబడిన వారికని మూడు తరగతులుగా విడదీశారు. అయితే సర్టిఫికెట్టే సర్వస్వం కాదు. డిస్నీ 'స్నో వైట్' వంటి బొమ్మల చిత్రానికే 1938లో బ్రిటిష్ సెన్సారువారు, పిల్లలు పెద్దల తోడుతోనే చూడాలని షరతు పెట్టారు!

అన్నిటికన్న ముఖ్యం ఒక ఒప్పందం. "నువ్వు పోదామంటే పోదాం" అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి. పది నిమిషాలకే అడిగినా, కథ రసపట్టులో ఉన్నా, ముఖం చిట్లించకుండా లేవాలి. తండ్రికి ఇది కష్టమే. కాని ఇక్కడ మాట తప్పితే పోయేది టిక్కెట్టు డబ్బు కాదు, నాన్న మాటమీది నమ్మకం. మన సినిమాలకు ఇంటర్వెల్ ఉండడం ఒక అదృష్టం. మొదటిసారి అంతవరకే చూసి రావాలని ముందే అనుకుంటే ఎవరూ ఓడినట్టు కాదు.

మిక్సీ, టపాకాయలు, ప్రెషర్ కుక్కరు కూత, ఇలా ప్రతి చప్పుడుకూ చెవులు మూసుకుని విలవిలలాడే పిల్లల సంగతి వేరు. వారిని డాక్టరుకు చూపించాలి. అటువంటి పిల్లల కోసమే అమెరికాలో ఎ.ఎం.సి. థియేటర్లు 2007 నుంచి దీపాలు పూర్తిగా ఆర్పకుండా, చప్పుడు తగ్గించి ప్రత్యేక ప్రదర్శనలు వేస్తున్నాయి. లేచి తిరిగినా అక్కడ ఎవరూ విసుక్కోరు.

ఇంటర్వెల్‌లో లేచివచ్చిన పిల్లవాడు స్కూటరు మీద సెక్టారుకు తిరిగివస్తూ మొదట ఏమీ మాట్లాడడు. ఇల్లు చేరగానే మామ్మ పక్కన చేరి, చేతులు తిప్పుతూ సగం కథ చెబుతాడు. "మిగతా సగం ఏమయిందిరా?" అని ఆవిడ అడుగుతుంది. వాడు తండ్రివైపు చూస్తాడు.

"నాన్నకు మళ్ళీ సెలవు ఎప్పుడు?"