సముద్రంలో మోత

తిమింగలం చూడటానికి చేపలా ఉంటుంది. కాని చేప కాదు. చేపలు చాలావరకు గుడ్లు పెడతాయి. తిమింగలం పిల్లను కంటుంది. పాలిచ్చి పెంచుతుంది. ఊపిరి పీల్చుకోవటానికి నీటి పైకి వస్తుంది.

సముద్రంలో లోతుకు పోయేకొద్దీ చీకటి. అక్కడ కళ్ళకు ఎక్కువ దూరం ఆనదు. చెవులే దిక్కు. తల్లి ఎక్కడుందో పిల్లకు, పిల్ల ఎక్కడుందో తల్లికి అరుపుల వల్లే తెలుస్తుంది. నీటిలో చప్పుడు గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. చాలా దూరం పోతుంది.

మరి ఆ నీటిలో మోత పుడితే?

పెద్ద ఓడ వెనక, నీటి అడుగున, ఒక పెద్ద పంకా ఉంటుంది. అది తిరిగి నీటిని వెనక్కి నెడితే ఓడ ముందుకు పోతుంది. పంకా జోరుగా తిరిగేటప్పుడు రెక్కల దగ్గర లెక్కలేనన్ని బుడగలు పుడతాయి, పగులుతాయి. ఓడ మోతలో ఎక్కువ భాగం ఈ బుడగలదే. ఇంజను మోత దానికి తోడు. ఒడ్డున ఉన్న మనకు ఇది వినపడదు. అడుగున మాత్రం మైళ్ళ దూరం పోతుంది.

పిండిమర దగ్గర మాట్లాడాలంటే ఏం చేస్తాం? గొంతు పెంచుతాం. తిమింగలాలూ అంతే. వాటి ఒంటికి చిన్న పరికరాలు అంటించి శాస్త్రవేత్తలు విన్నారు. మోత పెరిగితే అరుపూ పెరిగింది. మనం పిండి పట్టించుకుని ఇంటికి వచ్చేస్తాం. అవి ఎక్కడికి పోతాయి?

ఆ మోత వాటిని బాధ పెడుతోందని ఎలా తెలిసింది? పేడ వల్ల తెలిసింది. నవ్వకండి, నిజమే.

కెనడా దేశం తూర్పు తీరంలో ఫండీ అఖాతం ఉంది. అఖాతం అంటే భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రం. రైట్ తిమింగలాలు పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి మేతకు వచ్చేవి. పెద్దవి 45 అడుగుల పొడవుంటాయి. 2001లో శాస్త్రవేత్తలు పడవల్లో తిరుగుతూ వాటి పేడ పోగుచేస్తున్నారు. అది ఇటుక రంగులో నీటిపై తేలుతుంది. బాగా కంపు కొడుతుంది. తర్వాతి సంవత్సరాల్లో ఆ వాసన పట్టటం కుక్కలకు నేర్పి, పడవ ముందు నిలబెట్టారు కూడా.

మనిషికైనా జంతువుకైనా బెదురు ఎక్కువైతే ఒంట్లో కొన్ని రసాలు ఎక్కువగా ఊరతాయి. వాటిని హార్మోన్లు అంటారు. పేడను పరీక్షిస్తే అవి ఎంత ఉన్నాయో తెలుస్తుంది.

ఆ ఏడు సెప్టెంబరు 11న అమెరికాలో ఘోరం జరిగింది. దుండగులు విమానాలతో గుద్ది న్యూయార్కులో రెండు ఎత్తయిన మేడలు కూల్చారు. ఆ రోజు దాడుల్లో దాదాపు 3 వేలమంది చనిపోయారు. ఆ తర్వాత కొన్ని రోజులు ఓడల రాకపోకలు బాగా తగ్గాయి. ఫండీ నీటిలో మోత 6 డెసిబెల్స్ తగ్గింది. డెసిబెల్ అంటే మోతను కొలిచే కొలత. 6 తగ్గితే మోత బలం నాలుగో వంతుకు పడిపోయినట్టు. ఆ రోజుల్లో తీసిన పేడలో బెదురు హార్మోన్లు కూడా తగ్గాయి. 2005 వరకూ ప్రతి ఏడూ అదే సమయంలో మళ్ళీ చూశారు. ఓడలు మామూలుగా తిరిగాయి. హార్మోన్లు అలా తగ్గలేదు. ఈ సంగతి 2012లో లోకానికి చెప్పారు.

ఇలాంటి పరీక్ష కావాలని చేయలేం. ఓడల్ని ఎవరు ఆపుతారు?

ఈ జాతి తిమింగలాలు 2024 లెక్క ప్రకారం 400 కన్నా తక్కువే మిగిలాయి. ఓడలు గుద్దుకుని, వలతాళ్ళు చుట్టుకుని చనిపోతున్నవే ఎక్కువ. మోత ఆ కష్టాలకు తోడైంది.

ఓడ వేగం తగ్గిస్తే బుడగలు తగ్గుతాయి. మోత తగ్గుతుంది. కెనడా పడమటి తీరంలో వాంకోవర్ రేవువాళ్ళు 2017లో, ఓర్కా తిమింగలాలు తిరిగే దారిలో ఓడల్ని నెమ్మదిగా పొమ్మని అడిగారు. ఇది చట్టం కాదు, విన్నపమే. అయినా సగానికి పైగా ఓడలు విన్నాయి. నీటిలో మోత తగ్గింది. ఓడలు రేవుకు కాస్త ఆలస్యంగా చేరాయి.