శుభలేఖలో గురజాడ

సింహాద్రి అప్పన్న పేరు ముక్కలైపోయింది. శుభలేఖ నెత్తిన ‘శ్రీ వరాహ లక్ష్మీనరసింహ’ అని ఉండాల్సిన చోట క, ష, మ దేనికది విడిపోయి, నడుమ పొల్లులతో, తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లల్లా నిలబడ్డాయి. పెళ్లికూతురి తండ్రి ప్రూఫు కాగితం బల్ల మీద పెట్టి, ‘‘ఏటమ్మా ఇది? అప్పన్న పేరే ఇలగైపోతే ఎలగ?’’ అన్నాడు.

భోగాపురంలో హైవే పక్కన ఓ చిన్న డీటీపీ కొట్టు. నేను జిరాక్సు కోసం వెళ్లి కూర్చున్నాను. కొట్టమ్మాయి కంగారు పడలేదు. ‘‘నువ్వు వాట్సాప్‌లో పంపింది యూనికోడు బాబాయ్. ఈ పాత సాఫ్ట్‌వేరుకి అది అరగదు. ఉండు’’ అంటూ లిబ్రేఆఫీస్ తెరిచింది. అవే మాటలు అందులో అతికించి, ఫాంట్ల జాబితాలో ‘గురజాడ’ మీద నొక్కింది. అప్పన్న అతుక్కున్నాడు. సాఫ్ట్‌వేరుకీ ఫాంటుకీ కలిపి ఆమెకైన ఖర్చు సున్నా.

నాకు నవ్వొచ్చింది. పెళ్లిని బేరంగా మార్చినవాళ్లని ‘కన్యాశుల్కం’లో ఉతికి ఆరేసిన గురజాడ పేరు ఇప్పుడు శుభలేఖల్లో పనికొస్తోంది. ఆ నాటకం 1892లో తొలిసారి ఆడింది మన విజయనగరంలోనే. ఈ పెళ్లిలో కట్నం ఎంతో నేను అడగలేదు.

గురజాడ ఫాంటును గీసింది పురుషోత్ కుమార్ గుత్తుల. విడుదల చేసింది సిలికానాంధ్ర సంస్థ. గిడుగు పేరుతోనూ ఒక ఫాంటుంది. వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన రామమూర్తి పంతులు పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఇద్దరూ మనవైపు వాళ్లే కదా అని ఆ అమ్మాయితో అంటే, ‘‘అవునా అండీ! గిడుగు హెడ్డింగులకి బాగుంటాది’’ అంది. ఆమెకు కావలసింది అదీ.

అప్పన్న ఎలా అతుక్కున్నాడో చెప్పాలి. ‘లక్ష్మీ’ మన కంటికి రెండక్షరాలు. కంప్యూటరుకి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ఈకారం. ఈ ఏడింటినీ వరసలో చదివి, ఏ ఒత్తు ఎక్కడ వేలాడాలో తేల్చే పనివాడు వేరే ఉంటాడు. లిబ్రేఆఫీస్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని పెద్దమేస్త్రి ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్. హార్ఫ్‌బజ్ అనే పేరుకి పారశీకంలో ‘తెరిచిన అక్షరం’ అని అర్థం. మన ఒత్తు కుదురుగా కూర్చోవడం వెనక అంత దూరపు చెయ్యి ఉంది. ఈ పని తేలికని ఎవరైనా అంటే 2018 ఫిబ్రవరి గుర్తుచెయ్యండి. ‘జ్ఞా’ లాంటి ఒక్క తెలుగు గుచ్ఛం మెసేజీలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. దాని కోసమే ప్రత్యేకంగా అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది.

యూనికోడు వాడుకలోకి రాకముందు రోజులు ఇంకా ఇబ్బంది. ఒక్కో పత్రిక వెబ్‌సైటుకి ఒక్కో ఫాంటు. అది మన కంప్యూటర్లో లేకపోతే వార్తకు బదులు ఇంగ్లిషు అక్షరాల చెత్త. ఆ చెత్తని యూనికోడు తెలుగులోకి మార్చే ‘పద్మ’ని వెన్న నాగార్జున తయారుచేశారు. తెలుగు వికీపీడియాకి 2003 డిసెంబరులో కొబ్బరికాయ కొట్టిందీ ఆయనే. పద్మ ఆధారంగా 2006లో వీవెన్ ‘లేఖిని’ పెట్టారు. ఇంగ్లిషు మీటలు కొడితే పక్కనే తెలుగు తేలడం! నా మొదటి తెలుగు ఉత్తరం అందులోనే రాశాను. చదివినవాడు నువ్వే టైపు చేశావా అని రెండుసార్లు అడిగాడు.

సాఫ్ట్‌వేరుని ఇంగ్లిషులో ‘ఫ్రీ’ అంటే డబ్బు పుచ్చుకోనిదా, సంకెళ్లు లేనిదా అని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ నలభై ఏళ్లుగా విడమర్చి చెబుతూనే ఉన్నాడు. తెలుగులో ఆ తిప్పలు లేవు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ తనకి ‘స్వేచ్ఛ’ అనే పేరు ఊరికే పెట్టుకోలేదు. ఇవాళ ఉచితంగా ఇచ్చి రేపు బిల్లు పంపే యాప్‌నీ, విప్పి చూసి మార్చుకోమనే లిబ్రేఆఫీస్‌నీ ఒకే గాటన కట్టకూడదు.

శుభలేఖలో ఇంకో చిక్కు మిగిలింది, పెళ్లివారి చిరునామా. భోగాపురం విమానాశ్రయం కోసం మరడపాలెం లాంటి ఊళ్లు ఖాళీ అయ్యి, జనం పునరావాస కాలనీలకి వెళ్లారు. చుట్టాల నోట పాత ఊరి పేరే. ఇలాంటి చోటే 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అక్కరకొస్తుంది. కొత్త వీధిని ఎవరైనా ఖాతా తెరిచి గీయొచ్చు, తెలుగులో పేరూ పెట్టొచ్చు. మొన్న సాయంత్రం ఆ అమ్మాయీ నేనూ కూర్చుని ఒక వీధి గీశాం. గుడి పెట్టాం, బోరింగు పెట్టాం. పెళ్లివారు ‘‘మా మామిడిచెట్టు కూడా పెట్టండి’’ అన్నారు. పెట్టాం.

అంతా బాగుందనను. గురజాడ ఫాంటు ఒకే మందంలో ఉంది, అందులో లావు అక్షరం లేదు. వధూవరుల పేర్లకి అదే కావాలి. ఫాంటును విడిగా అమ్ముకోకుండా, మార్చినదాన్ని మళ్లీ అదే లైసెన్సు కింద పంచేటట్టయితే ఎవరైనా మార్చొచ్చు. అందుకు పనికొచ్చే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. గీత కుదిరిన చెయ్యి మీ ఇంట్లో ఉంటే చెప్పండి, వచ్చే ముహూర్తాలకైనా అందితే చాలు.